అప్పన్న పేరు చెప్పి చూసిన నాటకం

ఆడవాళ్లు నలుగురు కలిసి సంచులు పట్టుకుని బస్సు కోసం నిలబడితే ఎదురొచ్చిన వాళ్లందరూ అడిగే మాట ఒక్కటే. “ఏ గుడికమ్మా?” పెళ్లికైతే చీరలు చెబుతాయి. ఆసుపత్రికైతే ముఖాలు చెబుతాయి. ఆ రెండూ కానప్పుడు ఇక మిగిలింది గుడేనని లోకం లెక్క. “నాటకానికి” అని జవాబిచ్చి చూడండి! అడిగిన మనిషి మీ వంక చూసి, మీ వెనక మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూసి, ఆ తర్వాత మీ అత్తగారి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు.

ఆ జవాబు ఇవ్వలేకపోయిన పదిమందిలో నేనూ ఒకర్తిని. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది శ్రీముఖలింగం. యాత్రలంటే ఏమిటో మాకొకరు చెప్పనక్కర్లేదు. కార్తీకమాసం వచ్చిందంటే బస్సుల కొద్దీ జనం మా ఊరికే వస్తారు. ముఖలింగేశ్వరుణ్ణి, భీమేశ్వరుణ్ణి, సోమేశ్వరుణ్ణి చూసుకుని, వంశధారలో కాళ్లు తడుపుకుని, నీడ చూసుకుని పులిహోర పొట్లాలు విప్పుకుంటారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఒకప్పుడు ఇదేనంటే “అవునా!” అని ఆశ్చర్యపోతారు. మరుగుదొడ్డి ఎటువైపు, తిరుగు బస్సు ఎన్నింటికి అని అడిగేది మాత్రం ఎప్పుడూ ఆడవాళ్లే. వాళ్లకి దారి చూపించీ చూపించీ, మేమూ అలా ఒక జట్టుగా ఎక్కడికైనా వెళ్తే బాగుండునన్న ఆలోచన మాకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ ఆలోచన రప్పించింది మా వీధి పెద్దప్ప. డెబ్భై దాటాయి. పుట్టిల్లు పార్వతీపురం వైపు. చిన్నప్పుడు సురభి వాళ్ల డేరాలో చూసిన నాటకం ఆవిడకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. “ఆకాశంలోంచి నారదుడు దిగీవోడే! తెర మూసి తీసేసరికి అడివి పోయి మేడ వొచ్చీసీది” అని వందసార్లు చెప్పింది మాకు. విశాఖపట్నంలో సురభి వాళ్లు ‘మాయాబజార్’ ఆడబోతున్నారని ఒక పిల్ల ఫోనులో చూపించేసరికి, “కళ్లు కనపడతండగానే ఇంకోపాలి సూడాల” అంది. ఆవిడ ఒక కోరిక కోరడం మేం చూడ్డం అదే మొదలు.

సురభి గురించి ఈ తరం ఆడపిల్లలకి కాస్త చెప్పాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన నాటక కుటుంబాలవి. ఆడవేషాలు మగవాళ్లే కడుతున్న రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లని స్టేజీ ఎక్కించారు. అత్తా కోడలూ కూతురూ ఒకే నాటకంలో కనిపిస్తారు. పిల్లలకి నడక వచ్చేదీ అక్కడే, మాట వచ్చేదీ అక్కడే. వాటిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో మన ఉత్తరాంధ్రలోని జిమిడిపేటలోనే పుట్టింది. ఆ సమాజాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, సురభి బాబ్జీ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. కాబట్టి పెద్దప్ప అడిగింది ఎక్కడిదో పట్నం సరదా కాదు. మన వాకిట్లోంచి వెళ్లినదాన్నే మళ్లీ ఒకసారి చూస్తానంది.

పదకొండుమందిమి తేలాం. ఇక లెక్కలు. ఈ పని నెత్తిన వేసుకున్నది మూలింటి కోడలు. డిగ్రీ చదివిన పిల్ల. ఒక నోటుబుక్కు కొని గీతలు గీసింది. బస్సు ఖర్చు ఎదురుగా సున్నా వేసింది! 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. సూపర్ లగ్జరీలు, ఏసీ బస్సులు అందులో లేవు, మాకు వాటితో పనీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే శ్రీకాకుళం దాకా ఒక సున్నా టికెట్, అక్కణ్ణించి విశాఖకి ఇంకో సున్నా టికెట్. 150 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. గదులు, నాటకం టికెట్లు, తిండి, ఆటోలు కలిపి తలకి 900 రూపాయలు వేసింది. మాలో ఇద్దరు కూలికెళ్తే తప్ప గడవని వాళ్లు. వాళ్ల వాటా నెలకి కొంత చొప్పున తీసుకునేలా మిగతావాళ్లం సర్దుకున్నాం. డబ్బు సంగతి అంత తేలిగ్గా తెమిలిపోతుందని మేమే అనుకోలేదు.

తెమలనిది రాత్రి! నాటకం అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ వేళప్పుడు శ్రీకాకుళం దాకా రాగలిగినా మా ఊరికి బస్సెక్కడిది? కాబట్టి ఒక రాత్రి పట్నంలో ఉండాలి. ఆ ఒక్క రాత్రి దగ్గర పదకొండు ఇళ్లలోనూ గొంతులు మారిపోయాయి.

నాకొకటి అర్థం కాదు. శివరాత్రి నాడు మేమంతా తెల్లవార్లూ గుడి ప్రాంగణంలోనే ఉంటాం. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో తోసుకుంటూ ఉంటారు. పిల్లలు తప్పిపోతారు, మైకులో పిలుస్తారు, మళ్లీ దొరుకుతారు. ఆ రాత్రి మమ్మల్ని ఎవరూ “ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తారు” అని అడగరు. పైగా పడుకుంటే పాపం అంటారు. ఇదివరకు ఊళ్లో సత్యహరిశ్చంద్ర కట్టినా, జముకుల కథ చెప్పినా ముందు వరస చాపలన్నీ ఆడవాళ్లవే కదా. కాటిసీను వచ్చేసరికి కళ్లొత్తుకుని, ఇంటికొచ్చి అలాగే పొయ్యి వెలిగించుకునేవాళ్లు. మరైతే తప్పు రాత్రిదా, నాటకానిదా? రెండూ కాదు. ఆడది తన సరదా కోసం గడప దాటిందన్నదే మింగుడుపడదు. దేవుడి కోసమో, పిల్లల కోసమో, రోగం కోసమో అయితే ఎన్ని రాత్రులైనా ఫరవాలేదు.

అప్పుడు మాలో ఎవరన్నారో గుర్తులేదు కానీ, “సింహాచలం అందాం” అన్నారు. మరి మాట్లాడలేదు ఎవరూ. అప్పన్న దర్శనమంటే ఎవరు కాదంటారు? మర్నాడు పొద్దున్నే నిజంగానే కొండకి వెళ్లొద్దాం, అబద్ధమూ కాదు అని మాకు మేమే చెప్పుకున్నాం. ఒక్క మూలింటి కోడలు మాత్రం నోటుబుక్కు మూసి, “అబద్ధం చెప్పి వెళ్తే, వచ్చాక ఎవరితో చెప్పుకుంటాం పిన్నీ?” అంది. ఆ ముక్క అప్పుడు నా చెవికెక్కలేదు.

ఆ పిల్ల ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లత్తగారు అరవలేదు, కేకలెయ్యలేదు. “నాటకానికేటి, ఇశాపట్నమా!” అని నవ్వి ఊరుకుంది. భర్త “ఫోనులో మాయాబజార్ సినిమా ఉంది, పెట్టుకుని చూసుకో” అన్నాడు. 1957 నాటి ఆ సినిమా ఎంత గొప్పదో నాకూ తెలుసు, పిల్లలకీ నోటికొచ్చు. సినిమా చూడమనడం తప్పూ కాదు. కానీ వెళ్లొద్దనడానికి ఆ మాట అడ్డుపెట్టుకోవడం ఉంది చూశారూ... మొత్తానికి ఆ పిల్ల ఆగిపోయింది. మా ఊళ్లో కోటి లింగాలకి ఒకటి తక్కువని పెద్దవాళ్లు చెబుతుంటారు. పదకొండుకి ఒకటి తక్కువగా బస్సెక్కాం. తేదీలు చూసి, టికెట్లకి ఫోన్లు చేసి, గదులు మాట్లాడిన మనిషే లేదు మాలో.

మగతోడు లేకుండా ఎలా అని రెండిళ్లలో పట్టుబడితే ఒక వదిన తన కొడుకుని వెంట తెచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పదిమంది ఆడవాళ్లం సున్నా టికెట్ల మీద వెళ్తే మా రక్షకుడికొక్కడికే డబ్బులిచ్చి టికెట్ కొనాల్సొచ్చింది! లాడ్జిలో గుమాస్తా “మగవాళ్లెవరూ రాలేదా?” అని అటూ ఇటూ చూసి, చివరికి వీడి పేరే రిజిస్టర్లో మొదట రాసుకున్నాడు. ఆ సాయంత్రం బీచిలో కనపడకుండా పోయిందీ వీడే. అరగంట వెతికితే బజ్జీల బండి దగ్గర దొరికాడు.

సిటీ చూడ్డానికి మాకు దొరికింది ఒక మధ్యాహ్నమే. సోమవారమైతే కురుసుర మూసేస్తారని నోటుబుక్కులో ముందే రాసి ఉంది కాబట్టి శనివారమే పెట్టుకున్నాం. 1969లో నేవీలో చేరి 2001లో విరమించుకున్న సబ్‌మెరైన్ అది. 2002 నుంచి బీచి ఒడ్డున మ్యూజియంగా ఉంచారు. వంగి వంగి ఒక్కొక్క గుండ్రటి తలుపూ దాటుతుంటే పెద్దప్ప వంటగది దగ్గర ఆగిపోయింది. “ఇందల ఒండినోడికి దండం ఎట్టాల” అని నిజంగానే చేతులెత్తింది. వెనకున్న వాళ్లు తొందరపెట్టినా కదల్లేదు. ఎంతమందికి వండేవారు, పొగ ఎటు పోయేది, నీళ్లెక్కడివి అని గైడుని వరసగా అడిగింది. టార్పెడోలు చూపిస్తుంటే మాత్రం “సర్లె” అంది.

ఇక నాటకం. దాని గురించి పేజీలు రాయగలను, కానీ వద్దు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి వెళ్తుంటే హాల్లో పిల్లలకంటే మేమే ఎక్కువ అరిచామని మాత్రం చెబుతాను. నారదుడు దిగాడు. పెద్దప్ప ఏడ్చింది. ఎందుకని మేం అడగలేదు.

మర్నాడు కొండెక్కి, దర్శనం చేసుకుని, పదకొండు ఇళ్లకీ సరిపడా ప్రసాదం కొన్నాం. మా సాక్ష్యం అదే కదా! ఊళ్లో దిగిన సాయంత్రం మూలింటికి పొట్లం పట్టుకెళ్లాను. వాళ్లత్తగారు కళ్లకద్దుకుని తీసుకుంది. ఆ పిల్ల గుమ్మం దగ్గరకొచ్చి, “ఎలా ఉంది పిన్నీ?” అని అడిగింది. ఏది ఎలా ఉందని అడుగుతోందో నాకు తెలుసు. అత్తగారు నా ముఖంలోకి చూస్తోంది. “దర్శనం బాగా అయింది తల్లీ” అన్నాను. ఆ పిల్ల నవ్వి లోపలికెళ్లిపోయింది. నాటకం చూసిన సంతోషం నాకు అక్కడితో సగం పోయింది. మా పదిమందిదీ అదే అవస్థ. పంపు దగ్గర గొంతు తగ్గించి ఘటోత్కచుడి గురించి చెప్పుకోవడం, ఎవరైనా వస్తే అప్పన్న దగ్గరికి మళ్లిపోవడం! ఒక నాటకం చూశాక నాలుగు రోజులు దాన్ని నెమరేసుకోవడంలోనే కదా ఉంటుంది రుచి? మేం 900 రూపాయలూ పెట్టి దాన్ని కొనుక్కొచ్చి, దొంగసొమ్ములా దాచుకున్నాం.

ఇందులో నాటకాల వాళ్లని కూడా ఒక మాట అడగాలి. ప్రదర్శనలన్నీ సాయంత్రం ఆరున్నరకీ ఏడుకీ ఎందుకు పెడతారు? ఆఫీసుల నుంచి వచ్చే మగవాళ్ల వీలు చూసి పెట్టిన వేళలవి. ముంబయిలో దాదర్ శివాజీ మందిర్ లాంటి చోట్ల మరాఠీ నాటకాలు పగటిపూట కూడా ఆడతారు. మన దగ్గర ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఒక ఆట వెయ్యండి. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, అనకాపల్లి నుంచి ఆడవాళ్లు పొద్దున్న బస్సెక్కి వచ్చి రాత్రి భోజనాల వేళకి ఇంట్లో ఉంటారు. బస్సెలాగూ ఉచితం. ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలో. గంట, రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్లలో ఆ నాటకాన్ని స్టేజీ మీద ఒక్కసారైనా చూసిన ఆడవాళ్లు ఎంతమందో ఎవరైనా వాకబు చేస్తే బాగుండును. మధురవాణి మాటలు విని మేం చెడిపోతామన్న భయం ఇంకా ఉందేమో మరి.

అయినా మధ్యాహ్నం ఆటతోనే అంతా తీరిపోతుందని నేననను. రాత్రి ఉండాల్సిన చోట రాత్రే ఉండాలి. ఇప్పుడు మా పెద్దప్ప హైదరాబాద్ అంటోంది. రవీంద్రభారతిలో ఏదైనా మంచి నాటకం ఉన్న శని, ఆదివారాలు చూసుకోవాలి. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి సికింద్రాబాద్. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి దానికి అడ్డు లేదు. అక్కడి సిటీ బస్సుల్లో మన ఆధార్ చెల్లదు. తెలంగాణలో 2023 డిసెంబరులో మొదలైన ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం ఆడవాళ్లకే. కాబట్టి ఈసారి లెక్కలో సున్నాలుండవు, తలకి కనీసం నాలుగైదు వేలు అవుతుంది. నెలకి కొంత చొప్పున ఇప్పట్నించే చీటీ వేస్తున్నాం. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి కింది బెర్తులు దొరికే వీలుంది, మాలో ఏడుగురం ఆ లెక్కలోకి వస్తాం. వయసు దాచుకోకుండా రాయమని అందరికీ చెప్పాను!

ఈసారి ఏ దేవుడి పేరూ చెప్పడం లేదు. ఇప్పటికి ఆరిళ్లలో చెప్పేశాం. రెండు చోట్ల గొడవైంది, ఒకచోట మా ఆయనే “మీరందరూ ఏదో నేర్చేశారు” అని రెండు రోజులు మాట్లాడ్డం మానేశారు. మూడో రోజు “అక్కడ చలిగా ఉంటుందేమో, దుప్పట్లు పట్టుకెళ్లండి” అన్నారు.

నోటుబుక్కు మళ్లీ మూలింటి కోడలి చేతికే వచ్చింది. వాళ్లత్తగారు ఇంకా ఔననలేదు, కాదనీ అనలేదు. రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తారు, ఒక ఫారం మీద ఆరుగురికే రాయనిస్తారు. రెండు ఫారాలు తెచ్చి పెట్టాను. మొదటిదాని మీద మొదటి పేరు ఆ పిల్లదే రాశాను.