కడుపు కోసిన రేడియో

పాత రేడియోలు బాగుచేసి అమ్ముకు బతికేవాణ్ణి. నా ఒళ్ళు మండించే మాట ఒకటుంది: 'ఆంటిక్'.

మొన్నొకాయన కొట్టుకొచ్చి, "ఇదేవిటండీ, మీరు పన్నెండు వేలంటున్నారు? పక్కవీధిలో ఇలాంటిదే ఆరువేలకి ఇస్తున్నాడు, పైగా బ్లూటూతూ ఉందిట!" అన్నాడు.

ఎందుకుండదూ! వాల్వులూ, ట్రాన్స్‌ఫార్మరూ, కాయిళ్ళూ పీకి పాతసామాన్లవాడికి తూకానికి వేసి, ఖాళీ పెట్టెలో చవక బోర్డొకటి అతికిస్తే అన్నీ ఉంటాయి, రేడియో తప్ప. పైన పటారం, లోన లొటారం!

వాల్వుల రేడియోలో ముందు పోయేవి కండెన్సర్లు. కాగితంవి తేమ పీల్చి లీకవుతాయి, ఎలక్ట్రోలిటిక్‌వి ఎండిపోతాయి. అటకమీంచి దింపి సరాసరి ప్లగ్గులో పెట్టారో, ఔట్‌పుట్ వాల్వు దగ్గర్నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా కాలినా కాలొచ్చు. అవి మార్చి, వాల్వులు పరీక్షించి, తెగిన డయల్ తాడు కట్టి, ట్యూనింగ్ సరిచెయ్యాలంటే రోజులు పడుతుంది. ఆ రోజుల ఖరీదే నేనడిగేది.

"వినడానికేముందండీ? మీడియం వేవ్ స్టేషన్లు చాలా మూసేశారుగా" అంటారు. నిజమే. 1948లో మొదలైన బెజవాడ కేంద్రం కోసం, 1957లో వచ్చిన వివిధభారతి కోసం ఊళ్ళు చెవులప్పగించిన రోజులు మళ్ళీ రావు. అయితే మాత్రం కడుపు కొయ్యాలా? చాలా రేడియోలకి వెనక గ్రామఫోను తగిలించుకునే 'పికప్' రంధ్రాలుంటాయి. చిన్న బ్లూటూత్ రిసీవర్ అక్కడ తగిలిస్తే పాట ఆ పాత వాల్వుల్లోంచే వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ రకాలతో మాత్రం జాగ్రత్త. వాటి ఛాసిస్సే షాక్ కొడుతుంది.

ఇంత నీతి చెబుతున్నానుగానీ, మొదట్లో నేనూ ఒకదాని కడుపు కోశాను. ఆర్నెల్లకి ఓ కుర్రాడు వాళ్ళ నాన్నగారి రేడియో మోసుకొచ్చాడు. అదే మోడలు. బ్యాండ్ స్విచ్చి విరిగింది. అలాంటిది నా చేత్తోనే ఇనపతుక్కులో పారేశాను. ఊరంతా వెతికినా మరోటి దొరకలేదు. "ఆయన పోయాక ఇంట్లో ఇదొక్కటే మాట్లాడేదండీ" అని, మూగపెట్టె మళ్ళీ ఎత్తుకుపోయాడు. అప్పట్నుంచీ కొయ్యడం మానేశాను.

అమ్మే ప్రతి రేడియోకీ ఏం మార్చారో, ఏం పాతదో చీటీ రాసి కట్టాలంటాను. రాయనివాడి దగ్గర కొనకండి. ఉత్త పెట్టే కావాలంటే వడ్రంగి దగ్గరికెళ్ళండి. కొత్తది చేసిస్తాడు. పాతదని అబద్ధమూ చెప్పడు!