సీతాఫలం గంప దాకా సైన్సు రావాలి

సీతాఫలాల్లో పేరున్న రకం 'బాలానగర్'. ఆ పేరు మన పాలమూరు జిల్లా బాలానగర్‌దే. శాస్త్రవేత్తల పుస్తకాల్లోకి ఎక్కిన ఆ పేరు వల్ల, గుట్టల్లో కాయలు తెంపి రోడ్డు పక్కన గంప పెట్టుకునే తల్లులకు ఒరిగిందేమిటి? కోసిన రెండు మూడు రోజులకే కాయ మెత్తబడుతుంది. కోల్డ్ స్టోరేజీలో పెడదామంటే ఎక్కువ చలికి తొక్క నల్లబడుతుంది, కాయ సరిగా మాగదు. అందుకే పొద్దున చెప్పిన ధర పొద్దుగూకే దాకా నిలవదు. మన నల్లగొండ బత్తాయిది మరో బాధ. అది కోశాక మాగదు గానీ, దెబ్బ తగిలిన చోట పచ్చ బూజు పడుతుంది.

దీనికి సైన్సు ఒక దారి చూపుతోంది. గంజి పిండి, సెల్యులోజ్ వంటి వాటితో పల్చని పొరలు తయారు చేయవచ్చు. పెళుసుగా విరగకుండా గ్లిజరిన్ కలుపుతారు. లవంగంలోని యూజినాల్, వాములోని థైమాల్ కలిపితే ఆ పొర బూజును, బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. కాయకు పూతగా వేస్తే లోపలికి గాలి తగ్గి, మాగడం నెమ్మదిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఈ పొరలు తడికి తట్టుకోవు. నూనెల ఘాటు పండుకు అంటుతుంది. ఖరీదు ఎక్కువ. పైగా మొక్క నుంచి వచ్చిందల్లా మంచిదే అనుకోరాదు. సీతాఫలం గింజల పొడి పడితే కళ్లకే ప్రమాదం. కాబట్టి తిండికి తగిలే ప్రతి పొరనూ పరీక్షించాల్సిందే.

పాలిథిన్ చవక కదా అని కొందరంటారు. 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా గంప దగ్గర అవే కనిపిస్తున్నాయంటే తప్పు అమ్మే తల్లిది కాదు. ఆమెకు అందే ధరలో మరొకటి లేకపోవడమే అసలు లోపం.

కొత్త వస్తువు ముందు సూపర్ మార్కెట్లకు, ఎగుమతి కంపెనీలకు పోయి, మిగిలితేనే పేదల దగ్గరికి రావడం ఆనవాయితీ. ఇక్కడ అది తిరగబడాలని మేము కోరుతున్నాము. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ పరిశోధనను మన గుట్టల కాయలతో, మన ఎండలో చేయాలి. పూతను మహిళా సంఘాలే కలుపుకోగలిగేంత సులువు చేయాలి.

కెమిస్ట్రీ, ఫార్మసీ చదివిన మన హాస్టల్ అన్నలారా, అక్కలారా! ఉద్యోగం వచ్చాక మన ఊరి గంపను మరువకండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సైన్సు ఫెయిర్‌కు ఈసారి అగ్నిపర్వతం బొమ్మ వద్దు. పూత వేసిన కాయలు ఐదు, వేయనివి ఐదు పెట్టి, రోజూ చూసి రాయండి. ఒక్క రోజు ఎక్కువ నిలిచినా అది ఒక తల్లికి ఇంకో రోజు బేరం.