తోకచుక్కకు తోక ఎంత?

"మామయ్యా, ఈ తోకను ఇంకాస్త సాగదీద్దామా?" అన్నాడు మా మేనల్లుడు, కంప్యూటరు ముందు కూర్చుని. "అది జంతిక కాదురా, సాగదీయడానికి!" అని కసిరాను గాని, నిజం చెప్పాలంటే నాకూ ఆశ లేకపోలేదు.

2024 అక్టోబరులో పొద్దుగూకిన తరువాత పడమటి దిక్కున కనిపించిన తోకచుక్కను మీలో కొందరైనా చూచే ఉంటారు. పేరు త్సుచిన్‌షాన్-అట్లాస్. సెప్టెంబరు 27న సూర్యుణ్ణి చుట్టి, సరిగ్గా దసరానాడు, అక్టోబరు 12న, మనకు దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది.

దాన్ని ఫోటో తీయాలన్న పట్టుదల నాది కాదు, మా అమ్మది. 1965లో ఇకెయా-సెకి తోకచుక్క వచ్చినప్పుడు ఆమెకు పదేళ్ళు. కోదాడలో తెల్లవారుజామున అమ్మమ్మ లేపి వాకిట్లోకి తీసుకుపోయి చూపించిందట. ఇప్పుడు అమ్మకు చూపు మందగించింది. "ఆకాశంలో చుక్కలు నాకు ఆనవు నాయనా. నువ్వు బొమ్మ తీసుకరా, దగ్గర పెట్టుకొని చూస్త" అన్నది.

మొదటిరోజు మిర్యాలగూడలో మా బావ గారి మేడమీద ప్రయత్నం. ఆ ఊరికి అన్నం పెట్టే రైసుమిల్లుల దీపాలూ, ధూళీ కలిసి ఆకాశానికి పసుపు పూశాయి. రెండోరోజు కోదాడ దగ్గర హైవే పక్కన నిలబడ్డాను. అర నిమిషానికొక లారీ! పైగా కెమెరా చూపు సరిగా కుదరక చుక్కలన్నీ ఇడ్లీల్లా వచ్చాయి. ఆ తప్పు నాదే. చీకట్లో కెమెరా తనంతట తాను చూపు కుదుర్చుకోలేదు. ప్రకాశమానమైన చుక్కను తెరమీద పెద్దది చేసుకుని, అది సన్నని సూదిమొన అయ్యేదాకా చేత్తోనే తిప్పాలి. ఆ రోజుల్లో ఎడమవైపున శుక్రుడు ఉండనే ఉన్నాడు. నాకు తట్టలేదు, అంతే.

మూడోరోజు, 14న, సూర్యాపేట దాటి పిల్లలమర్రి వెళ్ళాను. కాకతీయుల నాటి గుళ్ళున్న ఊరు. పట్టణం వెలుగు వీపువైపు పడింది. మబ్బుల సందున శుక్రుడికి కుడిపక్కన, సన్నని చీపురుపుల్లలా, అదిగో!

ఒక్క ఫోటోకు 5 సెకన్లకు మించి ఇవ్వలేదు. భూమి తిరుగుతుంది గనుక ఎక్కువ ఇస్తే చుక్కలు గీతలవుతాయి. వరుసగా 36 తీశాను. వాటిని కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు కడితే చిత్రంలోని ఇసుకలాంటి గరుకు ఆరోవంతుకు తగ్గుతుంది. 36కు వర్గమూలం 6 కదా! చిన్నప్పుడు ఈ లెక్కలు దేనికి పనికివస్తాయని మాస్టారిని విసిగించినవాణ్ణే నేను.

పేర్చిన తరువాత వెలుగునీడల తేడా కాస్త పెంచేసరికి రెండు వింతలు బయటపడ్డాయి. ఒకటి, తోక చివరినుంచి పైకి మరో జానెడు మసక చార. మేనల్లుడు గంతులు వేశాడు. రెండోది, తలకు కిందివైపున, సూర్యుడు అస్తమించిన దిక్కుకు, చిన్న ముల్లు. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటుందని చదువుకున్నాం. ఇది కటకంలోని లోపమేనని చెరిపెయ్యబోయాను.

అప్పుడు వైను బప్పు గుర్తుకు వచ్చాడు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. కొడుకు 1949లో హార్వర్డులో చదువుతూ, రాత్రి తీసిన ఫోటో ఫలకంమీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు వచ్చింది. కొత్త మచ్చ కనిపించినప్పుడు మరకేమోనని తుడిచేసి ఉంటే? ఏదైనా నిలిపి చూడవలసిందే అనుకున్నాను.

36 ఫోటోలూ విడివిడిగా తెరిచాను. కెమెరా స్టాండుమీద కదలకుండా ఉంది. ఆకాశం మాత్రం జరుగుతోంది. కటకంలో లోపమైతే చిత్రంలో ఒకేచోట ఉండాలి. ముల్లు అలా లేదు, తోకచుక్కతోపాటే కిందికి దిగింది. మేనల్లుడు మురిసిపోయిన చార మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. ఏ దీపం వెలుగో పొగమీద పడి ఉంటుంది. చారను తీసేశాను, ముల్లును ఉంచాను. వాడు మధ్యాహ్నందాకా నాతో మాట్లాడలేదు.

ఆ ముల్లును ఎదురుతోక అంటారు. తోకచుక్క తన దారిలో విడిచిన ధూళి పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. ఆ రోజుల్లో భూమి సరిగ్గా ఆ పళ్ళెం అంచుకు ఎదురుగా వచ్చింది. పక్కనుంచి చూస్తే పళ్ళెం గీతలా కనబడదూ, అలాగే.

అచ్చువేయించిన బొమ్మను అమ్మ కిటికీ దగ్గర ముక్కుకు ఆనించుకుని చూచింది.

"అప్పటిదానికన్న పొట్టిదేరా."

"అవునమ్మా."

"నువ్వేం కలపలే గద?"

"కలపలేదు. ఒకటి తీసేశాను."

ముల్లుమీద వేలుపెట్టి, విషయమంతా చెప్పించుకుని, "రెండు పక్కల తోకా! మీ అమ్మమ్మకు చెప్తే నమ్మకపోవు" అని బొమ్మను దిండుకింద పెట్టుకుంది.