వెలుగు నుండి విద్యుత్తు

ఎండ ఎంత మండితే సౌర పలకలు అంత ఎక్కువ కరెంటు ఇస్తాయన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. మే నెలలో మిద్దె మీద కాలు మోపలేని లక్సెట్టిపేట వంటి పట్టణంలో అలా అనుకోవడం సహజమే. కానీ ఆ పలకలకు కావలసింది వెలుగు మాత్రమే. వేడిమి వాటి పనిని మందగింపజేస్తుంది. కష్టార్జితాన్ని వెచ్చించి పలకలు అమర్చుకోదలచిన కుటుంబాలు ఈ ఒక్క సంగతి గ్రహిస్తే అనేక ఆశాభంగాలు తప్పుతాయి. కనుక ఈ నెల దానినే వివరించదలచాము.

సౌర పలకలోని ముఖ్య పదార్థం సిలికాన్. ఇసుకలో సమృద్ధిగా ఉండే మూలకమే ఇది. దానిని ఎంతో శుద్ధి చేసి పలుచని బిళ్లలుగా కోస్తారు. బిళ్లలో ఒక పొరకు రవ్వంత ఫాస్ఫరస్, మరొక పొరకు రవ్వంత బోరాన్ చేరుస్తారు. మొదటి పొరలో ఎలక్ట్రాన్లు అధికంగా ఉంటాయి. రెండవ పొరలో వాటి ఖాళీలు అధికంగా ఉంటాయి. రెండు పొరలు కలిసే హద్దు వద్ద ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. అది ఒకే వైపు తెరచుకునే తలుపు వంటిది. వెలుగు కణం తాకినప్పుడు సిలికాన్‌లోని ఎలక్ట్రాన్ తన స్థానం నుండి విడివడుతుంది. హద్దు వద్ద ఉన్న క్షేత్రం దానిని ఒక వైపుకే నెడుతుంది. తిరిగి రావాలంటే అది బయటి తీగ గుండా ప్రయాణించక తప్పదు. ఆ ప్రయాణమే విద్యుత్తు. ఇందులో ఏదీ కాలదు, అరగదు, తరగదు. అందుకే పలక పాతికేళ్లు పని చేయగలదు.

వెలుగు నుండి విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్మండ్ బెకరెల్ గుర్తించారు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల తయారుచేసిన సిలికాన్ సెల్లు, తన మీద పడిన వెలుగులో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. నేటి పలకలు 20 శాతానికి పైగా మారుస్తున్నాయి.

ఇక వేడిమి సంగతి. పలక మీద రాసిన సామర్థ్యం సెల్లు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి లెక్క. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి 0.3 నుండి 0.4 శాతం వరకు ఉత్పత్తి తగ్గుతుంది. మన వేసవి మధ్యాహ్నాల్లో సెల్లు 65 డిగ్రీలకు చేరితే సుమారు ఏడవ వంతు నష్టమన్నమాట. కాబట్టి పలకలను మిద్దెకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా ఎత్తులో అమర్చాలి. గోదావరికి ఆవలి ఒడ్డున, రామగుండంలోని ఎన్‌టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల పలకలు తేలుతున్నాయి. 2022 జూలై 1 నుండి అది పూర్తి స్థాయిలో పని చేస్తోంది. కింద ఉన్న నీరు పలకలను చల్లబరుస్తుంది. పలకల నీడ నీటిని ఆవిరి కాకుండా కాపాడుతుంది. బొగ్గు మండించి విద్యుత్తు తీసే ప్రాంగణంలోనే ఈ ఏర్పాటు ఉండడం గమనార్హం. కోట్ల సంవత్సరాల క్రితం చెట్లు దాచుకున్న ఎండే నేటి బొగ్గు. పలక మాత్రం ఏ రోజు ఎండను ఆ రోజే అందుకుంటుంది.

నీడ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పలకలోని సెల్లులు ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి. కడెం కాలువ కింద సేద్యం చేసేవారికి తెలిసినదే: మధ్యలో ఒకచోట కాలువ పూడితే చివరి పొలానికి నీరందదు. అలాగే నీటి ట్యాంకు నీడ కొద్ది సెల్లుల మీద పడినా పలక మొత్తం ఉత్పత్తి పడిపోగలదు. దుమ్మును ఉదయం చల్లటి వేళ కడగాలి.

రమజాన్‌లో సహరీకి లేచే సమయంలో పలకలు ఏమీ ఇవ్వలేవు. అప్పటి దీపం లైను నుండి వచ్చే కరెంటుతోనే వెలగాలి. పగలు మిగిలిన విద్యుత్తును లైనుకు ఇచ్చి, రాత్రి వాడుకున్నదాన్ని అందులో సరిచూసే ఏర్పాటే నెట్ మీటర్. మరొక సంగతి చాలామందికి ముందుగా చెప్పరు. లైను కరెంటు పోతే సాధారణ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, పట్టపగలైనా సరే. స్తంభం మీద పని చేస్తున్న వ్యక్తికి ప్రాణాపాయం కలగకుండా అలా రూపొందించారు. కరెంటు పోయినప్పుడు కూడా ఇంట్లో పంకా తిరగాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ అదనంగా కావాలి.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం ఇళ్లకు 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేల రూపాయల రాయితీ ప్రకటించింది. ఆ సొమ్ము పలకలు అమర్చిన తరువాతే ఖాతాలో జమ అవుతుంది. కనుక ముందుగా డబ్బు సమకూర్చుకోవాలి. వడ్డీ రుణానికి దూరంగా ఉండదలచిన కుటుంబం తన స్తోమతకు తగిన చిన్న ఏర్పాటును ఎంచుకోవచ్చు. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయని లెక్క వేసుకుని, ఇంటి బిల్లును దాని పక్కన పెట్టి చూడండి.

ధర చెప్పడానికి వచ్చినవారిని మూడు ప్రశ్నలు అడగండి: ఏ గంటలో ఏ నీడ పడుతుంది? పలకల కింద ఎంత ఎడం ఉంటుంది? కరెంటు పోతే ఏమవుతుంది? ఈ మూడింటికీ స్పష్టమైన సమాధానం వచ్చిన తరువాతే బయానా ఇవ్వండి. అల్లాహ్ ప్రసాదించిన వెలుగుకు బిల్లు లేదు. దానిని ఇంట్లోకి తెచ్చుకునే సామగ్రికి మాత్రం మన చెమటోడ్చిన సొమ్ము వెచ్చించాలి.