పిల్లికో చెట్టు, సోఫాకో ఊరట

“పిల్లి ఎక్కణ్ణుంచి పడ్డా కాళ్ల మీదే పడుతుంది, దానికేం కాదు” అంటారు కదా, నేనూ అదే నమ్మాను. మా చిట్టి పావురం కోసం మూడో అంతస్తు బాల్కనీ మీంచి ఎగిరేదాకా! కాళ్ల మీదే పడింది పాపం. అయినా గడ్డం నేలకు కొట్టుకుని కింది దవడ చిట్లింది. చాలా రోజులు మెత్తటి తిండి సిరంజితో పట్టాల్సి వచ్చింది. “దీన్ని దొడ్డి ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేద్దాం” అన్నారు మా వారు. ఆ పూట మా అమ్మాయి అన్నం ముట్టలేదు.

పశువుల డాక్టరుగారు రెండే మాటలు చెప్పారు. బాల్కనీకి ఇనప జాలీ వేయించమన్నారు. పావురాలకని కట్టే నైలాన్ వల పిల్లి పళ్లకీ గోళ్లకీ ఆగదట. రెండోది, ఇంట్లోనే అది ఎక్కి కూర్చోడానికో ఎత్తయిన చోటు చూపించమన్నారు. అది లేకే కాలుగాలిన పిల్లిలా తిరుగుతుందన్నమాట! సోఫా చీరేది కూడా మన మీద కోపంతో కాదు. గోటి పైపొర రాలగొట్టుకోడానికీ, ఒళ్లు విరుచుకోడానికీ, పాదాల్లోని వాసన అంటించి ‘ఇది నా చోటు’ అనిపించుకోడానికీ.

బజార్లో రెడీమేడువి దొరుకుతాయిగానీ, ధర చూశాక మా వడ్రంగినే పిలిచాను. నాలుగంగుళాల మందం, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉన్న సరుగుడు గుంజ తెప్పించి, బెరడు తీయించి ఎండబెట్టాం. కింద రెండడుగుల చదరపు ప్లైవుడ్ పలక. మూడడుగుల ఎత్తున పక్కకి ఒక పలక, గుంజ నెత్తిన ఇంకొకటి. పిల్లి ఒళ్లు ముడుచుకుని పడుకునేంత, అంటే పద్నాలుగు అంగుళాలన్నా ఉండాలి.

మొదటిసారి ఇక్కడే దెబ్బతిన్నాం. చిట్టి ఒక్క గెంతు గెంతేసరికి చెట్టు కాస్తా ఒరిగిపోయింది. ఇక వారం రోజులు దాని ఛాయలకు వస్తే ఒట్టు! ఒక్కసారి ఊగిందంటే పిల్లి దాన్ని నమ్మదు. వంటింటి గట్టుకి వేయించగా మిగిలిన కడప బండ ముక్కలు అటకమీద ఉంటే, గుంజకి అటూ ఇటూ కింది పలక మీద పరిచి గోనెగుడ్డ కప్పాను. పైభాగాన్ని కిటికీ గ్రిల్‌కి క్లాంపుతో బిగించారు. ఇప్పుడు మా అమ్మాయి ఊపినా కదలదు.

తాడు జనపనారదే తీసుకోండి. నైలాన్ అయితే గోళ్లు ఇరుక్కుంటాయి. పది మీటర్లు చాలనుకుని నేను కొట్టుకి మూడుసార్లు తిరిగాను. లెక్క చెబుతాను చూడండి. పది మిల్లీమీటర్ల మందం తాడు ఈ గుంజకి ఒక చుట్టుకి 35 సెంటీమీటర్లు పడుతుంది. మూడడుగుల మేర చుట్టాలంటే 91 చుట్లు, అంటే సుమారు 32 మీటర్లు! ఆ మూడడుగులూ తగ్గించకండి, పిల్లి వెనక్కాళ్ల మీద నిలబడి పూర్తిగా సాగాలి. జిగురు రాస్తూ బిగువుగా చుట్టి, చివర్లు మేకులతో కొట్టి, మేకు తలలు పైకి రాకుండా చూసుకోండి.

ఎక్కడ పెట్టాలంటారా? సీలింగ్ ఫ్యానుకీ పొయ్యికీ దూరంగా, గ్రిల్ ఉన్న కిటికీ పక్కన. అయితే మొదట్లో అది చీరే సోఫా చెయ్యి పక్కనే పెట్టి, అలవాటయ్యాక రోజుకి కాస్త చొప్పున జరపండి. ఎత్తి కూర్చోబెడితే మాత్రం మొండికేస్తుంది. మా అత్తగారు పెరటి కుప్పింటి మొక్కని వేళ్లతో పీకి తెచ్చి చెట్టుకి రుద్దారు. ఆ వేరు వాసనకి కొన్ని పిల్లులు పడి దొర్లుతాయి, మరి కొన్నిటికి పట్టదు. మాది దొర్లింది! నా పాత నేతచీర ముక్క పై పలక మీద పరిచాక ఇక దిగితే కదా.

సోఫా గుడ్డ మార్పించాం. ఇచ్చేద్దామన్న పెద్దమనిషి పొద్దున్నే పేపరు చదువుతూ, పై పలక మీంచి వేలాడే తోకని చేత్తో సర్దుతున్నారు.