నకలు ఉంటే చాలదు, తెరుచుకోవాలి!

రామకుప్పం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె రైతులకు విజ్ఞప్తి



2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. డీకేటీ పట్టా కోసం, 22ఏ నిషేధిత భూముల జాబితా నుంచి తమ భూమిని తీయించుకోవడానికి ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లకు ఆ ఫైలే ఆధారం.

కంప్యూటర్లో ఎక్కింది కదా, భయమేల అనుకుంటాం. కానీ వెబ్‌ల్యాండ్‌లోని 1బీ, అడంగల్ కూడా ఎక్కడో సర్వర్ డిస్కుల మీదే ఉంటాయి. డిస్కు చెడిపోవచ్చు, ఒక తప్పు ఆదేశంతో చెరిగిపోవచ్చు. అందుకే నకలు తీస్తారు. ఆ నకలుతోనూ ప్రమాదం ఉంది.

పెద్ద యూనిక్స్, లినక్స్ సర్వర్లలో కొన్ని డిస్కులను కలిపి వాల్యూమ్ గ్రూపుగా కడతారు. గ్రూపుకొక గుర్తింపు, డిస్కుకొక గుర్తింపు ఆ డిస్కుల మీదే రాసి ఉంటాయి. డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ఆ గుర్తింపులూ కాపీ అవుతాయి. అసలు, నకలు ఒకే సర్వర్‌కు తగిలితే ఒకే సర్వే నంబరుకు రెండు పాసుపుస్తకాలు పుట్టినట్టే. నకలు అనుకుని అసలు మీద రాశారంటే ఉన్న రికార్డూ పోతుంది.

దీనికి మందు ఉంది. ఏఐఎక్స్‌లో రీక్రియేట్‌వీజీ, హెచ్‌పీ-యూఎక్స్‌లో వీజీసీహెచ్‌జీఐడీ, లినక్స్‌లో వీజీఇంపోర్ట్‌క్లోన్ అనే ఆదేశాలు నకలు గ్రూపుకు కొత్త గుర్తింపు ఇస్తాయి. అవి ఆ సిస్టమ్‌లకు చెందినవే, విడిగా కొనక్కర్లేదు. కావలసింది పద్ధతి తప్పని పని.

మన డిమాండ్లు:

1. గ్రూపులోని డిస్కులన్నిటికీ రాతలు ఆపి, ఒకే క్షణాన నకలు తీయాలి. ఒక డిస్కు పది గంటలది, ఇంకొకటి పదిన్నరది అయితే ఆ రికార్డును నమ్మలేం.

2. నకలును వేరే సర్వర్‌కే తగిలించాలి. కొత్త గుర్తింపు, కొత్త పేరు ఇచ్చాకే తెరవాలి.

3. ఒక ప్రతిని దూరాన వేరే ఊళ్లో ఉంచాలి.

4. ఆరు నెలలకోసారి మండలంలో ఒక గ్రామం 1బీని నకలు నుంచి తీసి, అసలుతో సరిచూసి, ఫలితాన్ని తహసీల్దార్ కార్యాలయం నోటీసు బోర్డుకు అంటించాలి.

5. ఇంకా స్కాన్ కాని డీకేటీ ఫైళ్లను ముందు స్కాన్ చేయాలి. కంప్యూటర్లోకి ఎక్కని కాగితాన్ని ఏ సర్వరూ కాపాడలేదు.

ఇవి భద్రతా రహస్యాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మనం పాస్‌వర్డులు అడగడం లేదు. పరీక్ష జరిగిందా, ఎప్పుడు జరిగింది, రికార్డు సరిపోయిందా అని అడుగుతున్నాం. భూమి మనది, ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.

గ్రామసభలో తీర్మానం పెట్టండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఈ ఒక్క ప్రశ్న రాయండి: “మా మండల భూ రికార్డుల నకలును చివరిసారి ఏ తేదీన తెరిచి సరిచూశారు?” 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తేదీ చెప్పలేకపోతే, చెప్పేదాకా ప్రతి గ్రామం నుంచీ అదే ప్రశ్న వేద్దాం.

ఇట్లు,
రామకుప్పం మండల రైతులు, కంప్యూటర్ పనిచేసే రైతుబిడ్డలు