కీలెరిగి వాత

ఈ నెల మన పాఠం కీళ్ల గురించి. “కీలెరిగి వాత పెట్టాలి” అని తెలుగులో ఒక సామెత ఉంది. అసలు చోటు తెలుసుకుని వైద్యం చేయమని అర్థం. వాతలు చాలావరకు పోయాయి, మంచిదే. సామెత మిగిలింది.

మా బెంటన్‌విల్‌లో ఎటు చూసినా సైకిలు బాటలే. 2007లో స్లాటర్ పెన్ బాటతో మొదలై ఇప్పుడు ఊరి చుట్టూ అల్లుకున్నాయి. సైకిలు మీంచి పడేవాళ్లు చాలామంది అరచెయ్యి నేలకు ఆనిస్తారు. ఆ దెబ్బ మణికట్టుకు తగులుతుంది, ఒక్కోసారి భుజం దాకా పాకుతుంది.

మీ పిల్లలు అలా పడి ఇంటికి వస్తే, బొటనవేలు బాగా చాచమనండి. వేలి మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి పుడుతోందా? “బెణికిందిలే” అని వదిలేయకండి. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. అది విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. విరిగితే వెనక ముక్కకు రక్తం అందక ఎముక అతుక్కోకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే డాక్టర్లు కట్టు వేసి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ రమ్మంటారు. నొప్పి తగ్గినా సరే, వెళ్లండి.

బెణకడం వేరు, కీలు తప్పడం వేరు. భుజం కీలు తప్పితే ఇంట్లో లాగి సరిచేయకూడదు. కాలు మడతపడి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

ఇక పెద్దవాళ్ల మోకాళ్లు. “అరిగిపోయాయి, కదలకూడదు” అంటారు మనవాళ్లు. నాకు ఈ మాట నచ్చదు. కదలకపోతే తొడ కండరం సన్నబడుతుంది, భారం మోకాలి మీద ఇంకా పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటోంది. విజయనగరంలో పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడుగారు ఏనుగును ఛాతీ మీద మోశారట. మీకు కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా లేవండి, మెల్లగా కూర్చోండి. ఎనిమిదిసార్లు. వినాయకుడి ముందు గుంజీలు తీసినవాళ్లకు ఇది కొత్త కాదు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాటికీ తగ్గకపోతే ఐదుసార్లే చేయండి. తేలికైతే చేతిలో రెండు కిలోల బియ్యం సంచీ పట్టుకోండి.